అవ్వ నిద్రకు ఎన్ని మార్కులు?

పిల్లల మార్కుల గురించి ఈ పత్రికలో ఎప్పుడూ ఏదో ఒకటి చదువుతూనే ఉంటారు. ఈ నెల మాట్లాడుకునే మార్కులు పిల్లలవి కావు, వాళ్ల అవ్వలవి, తాతలవి. 80 దాటిన పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో పొద్దున్నే కాఫీ దగ్గర వినిపించే మాట తరచుగా నిద్ర గురించే. "యాడ నిద్ర నాయనా, తెల్లార్లూ మేలుకొనే ఉండా" అంటుంది అవ్వ. "అదేందిమా, పన్నెండు గంటలప్పుడు నేను లేచి చూస్తే గురక పెడతా ఉండావే" అంటాడు కొడుకు.

ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. వయసు పెరిగేకొద్దీ గాఢనిద్ర తగ్గుతుంది, పైపైన పట్టే నిద్ర పెరుగుతుంది, మధ్యలో మెలకువలు ఎక్కువవుతాయి. పైపై నిద్రలో ఉన్న మనిషిని తట్టి లేపితే "నేను నిద్రపోలేదే" అనడం మామూలు. శరీరంలోని గడియారం కూడా ముందుకు జరుగుతుంది. రాత్రి ఎనిమిదికే కళ్లు మూతలు పడతాయి, మూడు గంటలకే తెల్లవారినట్టు మెలకువ వస్తుంది. ఇందులో వయసుతో వచ్చే మార్పు ఎంత, వైద్యం కావలసిన జబ్బు ఎంత అని తేల్చడం డాక్టర్లకూ కష్టమే. అందుకోసం వాళ్లు వాడే సాధనాల్లో అన్నిటికంటే చవకైనది, అన్నిటికంటే ఎక్కువగా వాడుకలో ఉన్నది ప్రశ్నల కాగితం. జవాబులకు మార్కులు వేసి, కూడి, ఒక అంకె తేలుస్తారు.

ఆ అంకె ఎలా వస్తుందో ఇంట్లోవాళ్లకు తెలిసి ఉండాలి. ఎందుకంటే దాని తర్వాత వచ్చేది చాలాసార్లు నిద్రమాత్ర. ఈ వయసులో నిద్రమాత్ర తర్వాత వచ్చేది ఒక్కోసారి అర్ధరాత్రి బాత్రూమ్ దగ్గర పడిపోవడం, తుంటి ఎముక విరగడం.

కాగితంలో ఏముంటుంది?

ప్రపంచంలో నిద్ర గురించి ఎక్కువగా వాడే ప్రశ్నావళి పేరు పిట్స్‌బర్గ్ స్లీప్ క్వాలిటీ ఇండెక్స్. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో డేనియల్ బైసీ అనే మానసిక వైద్యుడు, ఆయన సహచరులు తయారు చేసి 1989లో ప్రచురించారు. పోయిన నెల రోజుల నిద్ర గురించి 19 ప్రశ్నలు ఉంటాయి. రోజూ ఎన్ని గంటలకు పడుకుంటారు, పడుకున్నాక ఎంతసేపటికి నిద్ర పడుతుంది, ఎన్నింటికి లేస్తారు, నిజంగా నిద్రపోయింది ఎన్ని గంటలు అని మొదలవుతుంది. మధ్యలో మెలకువ వస్తుందా, బాత్రూమ్‌కు లేస్తారా, ఊపిరి ఆడనట్టు ఉంటుందా, దగ్గు లేదా గురక ఉందా, చలి, ఉక్క, పీడకలలు, నొప్పులు ఉన్నాయా అని ఒక్కొక్కటే అడుగుతుంది. నిద్రకు మందు వాడుతున్నారా, పగలు మెలకువగా ఉండటం కష్టంగా ఉందా, పనులు చేసే ఉత్సాహం ఉందా అని కూడా ఉంటుంది.

ఈ 19 జవాబులను ఏడు భాగాలుగా కూర్చి ఒక్కో భాగానికి 0 నుంచి 3 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 21. మన ప్రోగ్రెస్ కార్డుకు ఇది పూర్తిగా తిరగబడింది: 0 వస్తే నిద్ర బ్రహ్మాండంగా ఉన్నట్టు, 21 వస్తే ఘోరంగా ఉన్నట్టు. 5 దాటితే "నిద్ర సరిగా లేదు" అని లెక్క.

ఈ 5 అనే గీత ఎక్కడి నుంచి వచ్చింది? మొదటి పరిశోధనలో 148 మంది ఉన్నారు. బాగా నిద్రపోయే ఆరోగ్యవంతులు 52 మంది, డిప్రెషన్ ఉన్నవాళ్లు 34 మంది, నిద్ర జబ్బులతో ఆసుపత్రికి వచ్చినవాళ్లు 62 మంది. వీళ్లను వేరుచేయడానికి 5 దగ్గర గీత గీస్తే సుమారు 89 శాతం మంది నిద్ర సరిగా లేనివాళ్లు సరిగ్గా పట్టుబడ్డారు. గీత బాగానే పనిచేసింది. కాని అది పిట్స్‌బర్గ్‌లో గీసిన గీత. పలమనేరులో, పుత్తూరులో 85 ఏళ్ల అవ్వను ఆ గీతకు ఇవతల పెట్టాలా అవతల పెట్టాలా అన్నది వేరే ప్రశ్న.

పిట్స్‌బర్గ్ బృందానికే ఈ అనుమానం వచ్చింది. 1991లో వాళ్లు 80 దాటిన 44 మంది ఆరోగ్యవంతులను, 20 నుంచి 30 ఏళ్ల మధ్య ఉన్న 35 మందిని ఇవే ప్రశ్నలు అడిగారు. పెద్దవాళ్లకు మార్కులు ఎక్కువే వచ్చాయి. అయినా వాళ్లలో ఎక్కువమంది నిద్ర రోగుల స్థాయి దాకా పోలేదు. వయసు వల్ల స్కోరు కొంత పెరుగుతుంది, ఆ పెరుగుదల అంతా జబ్బు కాదు.

అవే ఆరు గంటలు, రెండు స్కోర్లు

లెక్క వేసి చూస్తే విషయం బాగా అర్థమవుతుంది. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి, ఏడో తరగతి శాతాల లెక్కే.

ఒక అవ్వ ఉందనుకుందాం. వయసు 84. పల్లె నుంచి తిరుపతిలో కొడుకు ఇంటికి వచ్చింది. రాత్రి ఏడున్నరకే అన్నం పెట్టేస్తారు. పిల్లలు చదువుకోవాలి, హాల్లో టీవీ ఆపేయాలి. చేసేదేమీ లేక 8 గంటలకు పడక ఎక్కుతుంది. 40 నిమిషాలు అటూ ఇటూ దొర్లితేగాని నిద్ర పట్టదు, దాదాపు రోజూ ఇంతే. రాత్రి బాత్రూమ్‌కు లేస్తుంది, లేచాక మళ్లీ కొంతసేపు మేలుకునే ఉంటుంది. తెల్లవారి 5 గంటలకు పడక దిగుతుంది. మొత్తం నిద్ర 6 గంటలు. "ఎలా ఉంది నిద్ర?" అంటే "పర్వాలేదు" అంటుంది. పగలు చురుగ్గానే ఉంది, మాత్రలేవీ వేసుకోదు.

ఇప్పుడు మార్కులు. నిద్ర పట్టడానికి 40 నిమిషాలు, అది వారంలో మూడు రోజులకు మించి, కాబట్టి ఈ భాగానికి 3. ఆరు గంటల నిద్రకు 1. పడక మీద గడిపింది 9 గంటలు, నిద్రపోయింది 6. అంటే 67 శాతం, దానికి 2. మధ్యలో మెలకువలు, బాత్రూమ్, దీనికి 1. "పర్వాలేదు"కు 1. మొత్తం 8. గీత దాటింది. కాగితం ప్రకారం అవ్వకు నిద్ర సరిగా లేదు.

అదే అవ్వ పల్లెలో ఉన్నప్పుడు ఏం చేసేది? రాత్రి పదింటి దాకా అరుగు మీద ఇరుగుపొరుగు వాళ్లతో మాట్లాడుకుంటూ కూర్చునేది. పదికి పడుకుంటే పావుగంటలో నిద్ర పట్టేది. ఐదింటికే లేచేది. అప్పుడూ నిద్ర 6 గంటలే, రాత్రి లేవడమూ ఉంది. ఇప్పుడు లెక్క వేయండి. నిద్ర పట్టడానికి 0. ఆరు గంటలకు 1. పడక మీద 7 గంటలు, నిద్ర 6, అంటే దాదాపు 86 శాతం, దానికి 0. మెలకువలకు 1. "పర్వాలేదు"కు 1. మొత్తం 3.

నిద్ర ఒక్క నిమిషం కూడా పెరగలేదు, తగ్గలేదు. స్కోరు మాత్రం 8 నుంచి 3కు దిగింది. మారిందల్లా పడక ఎక్కే సమయం. ఈ అవ్వకు మాత్ర రాస్తే, మన రాత్రి భోజనాల టైమ్‌టేబుల్‌కు మందు రాసినట్టే. ఆమెకు కావలసింది రాత్రి 8 నుంచి 10 దాకా తోడుగా ఒక మనిషి, ఒక కుర్చీ, కాస్త వెలుతురు. నిజానికి నిద్రలేమికి మందు లేకుండా చేసే వైద్యంలో ముఖ్యమైన భాగం ఇదే: నిద్ర వచ్చినప్పుడే పడక ఎక్కడం, లేచే సమయం మార్చకపోవడం. 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ దీర్ఘకాలపు నిద్రలేమికి మాత్రల కంటే ముందు ఈ రకం చికిత్సనే ప్రయత్నించమని చెప్పింది. మరీ బలహీనంగా ఉన్నవాళ్లకు, పడిపోయే భయం ఉన్నవాళ్లకు పడక సమయం తగ్గించేటప్పుడు మాత్రం డాక్టరును అడిగే చేయాలి.

అడిగే తీరు

ఇప్పుడు 80 దాటిన వాళ్లు 1940ల్లోనో అంతకు ముందో పుట్టారు. 1951 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద చదవడం, రాయడం వచ్చిన ఆడవాళ్లు నూటికి 9 మంది కూడా లేరు. కాబట్టి మన ఇళ్లలోని చాలామంది అవ్వలకు ఈ కాగితం ఎవరో చదివి వినిపించాలి. చదివి వినిపించేవాళ్లు మారితే జవాబూ మారుతుంది. కోడలు అడిగితే "బాగుండాది" అని ఒక్క మాటతో సరిపెడుతుంది. డాక్టరు అడిగితే ఇంత దూరం వచ్చాం కదా అని కొంచెం ఎక్కువే చెబుతుంది. ఓపీలో వెంట వచ్చిన కొడుకే అన్ని ప్రశ్నలకూ జవాబు చెప్పేస్తే, కాగితంలో నమోదయ్యేది కొడుకు అభిప్రాయం.

ప్రశ్నల్లోని మాటలు ఇంకో చిక్కు. "మీ నిద్ర నాణ్యత ఎలా ఉంది?" అని అడిగి చూడండి. నాణ్యత అంటే అవ్వకు బియ్యం, పట్టుచీరలు గుర్తొస్తాయి. నిద్ర గురించి మనవాళ్లకు మాటలు కరువు కాదు. కోడి కునుకు, కలత నిద్ర, ఒళ్లెరగని నిద్ర, రెప్ప వాలకపోవడం, ఒక కునుకు తీయడం అని ఎన్నో ఉన్నాయి. ఇవన్నీ "చాలా బాగుంది, బాగానే ఉంది, బాగాలేదు, అసలు బాగాలేదు" అనే నాలుగు గడులకంటే ఎక్కువే చెబుతాయి. "నిద్ర చేశారా?" అని అడిగితే మాత్రం ఎవరింట్లో, ఏ గుళ్లో రాత్రి ఉన్నారో చెప్పడం మొదలుపెడతారు.

సమయం సంగతీ అంతే. "ఎన్ని నిమిషాలకు నిద్ర పట్టింది?" అన్నది గడియారం చూస్తూ బతికినవాళ్ల ప్రశ్న. అవ్వకు గుర్తులు వేరు. సీరియల్ అయిపోయినాక, చివరి బస్సు పోయినాక, కోడి కూయకముందు, పాలకేంద్రానికి క్యాన్లు పోయేటప్పుడు, గుళ్లో మైకు వేసినప్పుడు అని ఆమె చెబుతుంది. వాటిని గంటల్లోకి మార్చుకోవడం మన పని. "పోయిన నెల రోజుల్లో" అనడం కంటే "పోయిన అమావాస్య నుంచి" అంటే లెక్క సరిగా అందుతుంది. తిరుపతిలోనైతే "గంగమ్మ జాతర అయినప్పటి నుంచి" అన్నా అందుతుంది. ఎక్కువ రోజులు ఎలా గడిచాయో అలాగే జవాబు చెప్పమని ప్రశ్నావళి కూడా అంటుంది. కాబట్టి శ్రీకాళహస్తిలో శివరాత్రి జాగారం చేసిన ఒక్క రాత్రిని చూసి మార్కులు వేయనక్కర్లేదు.

మన దేశంలో పెద్దవాళ్ల మీద జరిగిన పెద్ద సర్వే ఈ చిక్కును కొంత తెలివిగానే దాటింది. లాసీ అనే ఆ సర్వే మొదటి విడతను 2017-18లో ముంబైలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ నడిపింది. 45 ఏళ్లు, ఆ పైన వయసున్న 72,000 మందికి పైగా అందులో జవాబులు చెప్పారు. నిద్ర దగ్గర నిమిషాల జోలికి పోకుండా రాత్రులు లెక్క అడిగారు. నిద్ర పట్టక ఇబ్బంది పడింది వారంలో ఒకటి రెండు రాత్రులా, మూడు నాలుగా, ఐదు లేక అంతకంటే ఎక్కువా అని. నిమిషాలు చెప్పలేని అవ్వ కూడా రాత్రులు లెక్క చెప్పగలదు.

చదువు రానివాళ్లను చదువుకున్నవాళ్ల ప్రశ్నలతో కొలిస్తే ఏమవుతుందో మన దేశంలో పరిశోధకులు ముందే గమనించారు. జ్ఞాపకశక్తి పరీక్షను హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో వాడవలసి వచ్చినప్పుడు, చదివి చేయాల్సిన, రాయాల్సిన అంశాలను తీసి, చూసి చేసేవి, నోటితో చెప్పేవి పెట్టి హిందీలో కొత్తగా తయారు చేశారు. 1995లో అది ప్రచురితమైంది. బడికి పోకపోవడం వేరు, మతిమరుపు వేరు అని తేల్చాలంటే అంత పని అవసరమైంది. మన తిరుపతిలోనే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం సైకాలజీ విభాగంలో వృద్ధాప్య పరిశోధన కేంద్రం ఉంది. ఆచార్య పి.వి. రామమూర్తి, ఆచార్య డి. జమున పెద్దవయసువాళ్ల మనసు, కుటుంబం, సంరక్షణ గురించి ఏళ్ల తరబడి పనిచేసింది అక్కడే. మనస్తత్వశాస్త్రం చదవాలనుకునే ఇంటర్ పిల్లలకు ఈ పేర్లు తెలిసి ఉంటే మంచిది.

కారు నడపని తాతకు కారు ప్రశ్న

ఇంకో కాగితం ఎప్‌వర్త్ స్కేల్. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఎప్‌వర్త్ ఆసుపత్రి డాక్టరు ముర్రే జాన్స్ 1991లో ప్రచురించారు. పగటిపూట తూగు ఎంత ఉందో కొలుస్తుంది. ఎనిమిది సందర్భాలు ఇచ్చి, ఒక్కోదానిలో కునుకు పట్టే అవకాశం ఎంత అని అడుగుతుంది. కూర్చుని చదువుకునేటప్పుడు, టీవీ చూసేటప్పుడు, మీటింగులోనో సినిమా హాల్లోనో కూర్చున్నప్పుడు, గంటసేపు కారులో పోయేటప్పుడు, ట్రాఫిక్‌లో కారు ఆగినప్పుడు, ఇలా. మొత్తం 24కి 10 దాటితే తూగు ఎక్కువని అర్థం.

నలభై ఏళ్ల ఉద్యోగికి ఇది చక్కగా సరిపోతుంది. చదవడం రాని, సినిమా హాలుకు పోయి ఇరవై ఏళ్లయిన, ఆరు నెలలుగా వీధి గడప దాటని 88 ఏళ్ల అవ్వకు సగం ప్రశ్నలు ఊహకు సంబంధించినవే. ఇటీవల ఆ పని చేయకపోయినా చేస్తే ఎలా ఉండేదో ఊహించి చెప్పమని ఆ కాగితమే అంటుంది. గురక, ఊపిరి ఆగడం గురించి వాడే స్టాప్-బ్యాంగ్ ప్రశ్నావళిదైతే ఇంకో తమాషా. వయసు 50 దాటితే ఒక పాయింటు, మగవారైతే ఇంకో పాయింటు. తాత నోరు తెరవకముందే 8కి 2 పాయింట్లు వచ్చేస్తాయి.

పిట్స్‌బర్గ్ కాగితం అసలు అడగని సంగతి పగటి నిద్ర. మధ్యాహ్నం సంగటి తిని వసారాలో ఒక గంటన్నర నడుం వాల్చడం మన ప్రాంతంలో పెద్దవాళ్లకు మామూలు. రాత్రి ఆరు గంటలు, మధ్యాహ్నం గంటన్నర, మొత్తం ఏడున్నర. రాత్రి లెక్క ఒక్కటే చూస్తే తక్కువ కనిపిస్తుంది. ఉత్సాహం గురించిన ప్రశ్న కూడా జాగ్రత్తగా చూడాల్సిందే. పనులమీద ఉత్సాహం లేదని అవ్వ చెబితే అది నిద్రలేమి కావచ్చు, మోకాళ్ల నొప్పి కావచ్చు, తాత పోయిన దిగులు కావచ్చు. మార్కు మాత్రం నిద్ర ఖాతాలోనే పడుతుంది. ఉక్క ప్రశ్నకు మే నెలలో తిరుపతిలో వచ్చే జవాబు వేరు, మార్గశిరంలో కుప్పంలో వచ్చే జవాబు వేరు.

అలాగని కాగితాలను పారేయమని కాదు. తలకు వైర్లు పెట్టి రాత్రంతా నిద్రను రికార్డు చేసే పరీక్ష ఉంది, చేతికి వాచీలా కట్టి కదలికలు లెక్కపెట్టే పరికరమూ ఉంది. కొత్త మంచం, కొత్త గది, ఒంటినిండా వైర్ల మధ్య 85 ఏళ్ల మనిషి ఇంట్లో పడుకున్నట్టు పడుకోవడం కష్టం. చేతి పరికరం కదలకుండా మేలుకుని పడుకున్నవాళ్లను నిద్రపోతున్నారనుకుంటుంది. ఇంగ్లాండులోని న్యూకాజిల్‌లో 1921లో పుట్టినవాళ్ల మీద జరిగిన పరిశోధనలో, వాళ్లు తొంభైకి దగ్గర పడ్డాక నిద్ర ప్రశ్నలూ అడిగారు, చేతికి పరికరమూ కట్టారు. రెండూ కొలిచేది ఒకటే సంగతి కాదు. పరికరం నిద్ర ఎంతసేపో చెబుతుంది. ఆ నిద్ర మనిషికి చాలిందా లేదా అన్నది ఆ మనిషే చెప్పాలి.

పక్క మంచం మీది సాక్షి

పిట్స్‌బర్గ్ ప్రశ్నావళి చివర ఇంకో ఐదు ప్రశ్నలు ఉంటాయి. వాటికి మార్కులు లేవు. అవి నిద్రపోయే మనిషిని అడిగేవి కావు, అదే గదిలో పడుకునేవాళ్లను అడిగేవి. గురక గట్టిగా ఉందా? ఊపిరి మధ్యలో చాలాసేపు ఆగుతోందా? కాళ్లు ఎగిరిపడుతున్నాయా? రాత్రి లేచి ఎక్కడున్నానో తెలియనట్టు తికమక పడుతున్నారా? ఇంకేమైనా కదలికలు ఉన్నాయా?

80 దాటినవాళ్లలో చాలామందికి జీవితభాగస్వామి ఉండరు. మన ఇళ్లలో ఆ గదిలో పడుకునేది తరచుగా మనవడో మనవరాలో. అంటే ఈ ఐదు ప్రశ్నలకు జవాబు తెలిసింది మన స్కూలుకు వచ్చే పిల్లలకే. నా ఉద్దేశంలో, మార్కులున్న 19 ప్రశ్నలకంటే మార్కులు లేని ఈ ఐదే ఒక్కోసారి ఎక్కువ పనికొస్తాయి. ఊపిరి ఆగి ఆగి వస్తుంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. అలాంటివాళ్లకు నిద్రమాత్ర ఇస్తే ఊపిరి ఇంకా మందగించే ప్రమాదం ఉంది. కలలో అరవడం, చేతులు కాళ్లు విసరడం కొందరిలో పార్కిన్సన్ జబ్బుకు ఏళ్ల ముందే కనిపించే గుర్తు. ఇవి అవ్వకు తెలిసే సంగతులు కావు. పిల్లలు చెప్పకపోతే ఎవరికీ తెలియవు.

పిల్లలను కాపలా పెట్టమని, రాత్రంతా మేలుకుని చూడమని అర్థం కాదు. వాళ్లకు తొమ్మిది, పది గంటల నిద్ర కావాలి. మామూలుగా మెలకువ వచ్చినప్పుడు ఏం విన్నారు, ఏం చూశారు అని పొద్దున ఒక్క మాట అడిగితే చాలు. అవ్వను ఎగతాళి చేసే సంగతిగా కాక, డాక్టరుకు చెప్పాల్సిన సంగతిగా అడగండి.

మాత్ర విషయం

అల్ప్రజోలం, క్లోనజెపామ్, డయజెపామ్ లాంటి మందులు 65 దాటినవాళ్లకు వీలైనంత వరకు వద్దని అమెరికన్ జీరియాట్రిక్స్ సొసైటీ బీర్స్ జాబితా చెబుతుంది. ఈ జాబితా మొదట 1991లో వచ్చింది, అప్పటి నుంచి సవరిస్తూనే ఉన్నారు. కారణాలు పడిపోవడం, ఎముకలు విరగడం, మతి తికమక. మన దేశంలో అల్ప్రజోలం షెడ్యూల్ హెచ్1లో ఉంది, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఎప్పుడో ఆపరేషన్ సమయంలో రాసిన పాత చీటీతో ఏళ్ల తరబడి తెచ్చుకునే ఇళ్లు ఉన్నాయి. మీ ఇల్లు అలాంటిదైతే ఈ వ్యాసం చదివి ఈ రాత్రే మాత్ర ఆపేయకండి. చాలాకాలం వాడినవాటిని ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ దాకా రావచ్చు. డాక్టరు సలహాతో కొద్దికొద్దిగా తగ్గించాలి.

ఈ నెల ఇంట్లో చేయగలిగిన పని ఒకటుంది. ఒక నోట్‌బుక్ పేజీలో ఏడు రోజులకు ఏడు గీతలు గీయండి. పిల్లలే గీయొచ్చు. పడక ఎక్కింది ఎప్పుడు, లేచింది ఎప్పుడు, రాత్రి ఎన్నిసార్లు లేచారు, ఎందుకు లేచారు, పగలు ఎంతసేపు పడుకున్నారు, గదిలో పడుకున్నవాళ్లు ఏం గమనించారు, ఇవి రాయండి. అవ్వ మాట ఒకటి ఆమె చెప్పినట్టే రాయండి, "కోడి కునుకే" అంటే అదే. నిమిషాలు తెలియకపోతే వదిలేయండి. గడియారం చూడమని అవ్వను మాత్రం తొందర పెట్టకండి, గంట చూస్తూ పడుకుంటే వచ్చే నిద్ర కూడా పోతుంది.

కొన్నిటికి ఏడు రోజులు ఆగక్కర్లేదు. ఊపిరి ఆగుతున్నట్టు కనిపించినా, పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చుంటున్నా, నిద్రలో కొట్టడం, అరవడం ఉన్నా, రెండు మూడు రోజుల్లోనే పగలు రాత్రి తేడా తెలియని తికమక మొదలైనా వెంటనే చూపించండి. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఉన్నాయి, చిత్తూరు వాళ్లకు వేలూరు సి.ఎం.సి. దగ్గర. ఎక్కడికి పోయినా ఆ నోట్‌బుక్ పేజీతో పాటు అవ్వ వేసుకునే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని పోండి. బీపీకని రాసిన మూత్రం ఎక్కువ చేసే మాత్రను సాయంత్రం వేస్తున్నారేమో డాక్టరు చూడాలి. రాత్రి నాలుగుసార్లు లేవడానికి కారణం అదే అయితే, పొద్దున వేసుకునేలా మార్చి రాస్తారు.